అడ్డగడియ: ఒక 'అనర్గళ' చరిత్ర

మొన్న ఆదివారం అమ్మ ఫోన్ చేసి పలకరింపులేవీ లేకుండా "ఒరేయ్, అమెరికాలో తలుపుకి ఆనించి పెట్టే రాడ్డు ఏదో దొరుకుతుందటగా, ఈసారి వచ్చేటప్పుడు ఒకటి పట్టుకురా" అంది. విషయం ఏంటంటే కూకట్‌పల్లిలో వాళ్ళ అపార్టుమెంటులో, కింది అంతస్తులో దొంగలు పడ్డారు. ఆ ఫ్లాటువాళ్ళు పెళ్ళికి వెళ్ళారు. ఆల్‌డ్రాప్‌కి వేసిన తాళం భద్రంగా తాళంలాగే ఉంది, ఆల్‌డ్రాప్‌ని పట్టుకున్న స్క్రూలు మాత్రం చెక్కతో సహా ఊడొచ్చాయి. ఆ తలుపు చూసొచ్చిన దగ్గర్నుంచీ అమ్మకి నిద్ర లేదు. నాన్న పోయాక ఆవిడ ఒక్కతే ఉంటోంది. వయసు డెబ్భై ఒకటి.

రాడ్డు ఆర్డర్ చెయ్యడం రెండు నిమిషాల పని. కానీ ఫోన్ పెట్టేశాక నాకు మా నాయనమ్మ ఇంటి తలుపు గుర్తొచ్చింది. ఆ తలుపుతో మా కుటుంబానికి పాత లెక్క ఒకటి ఉంది, అది చివర్లో చెప్తాను. ముందు ఈ అడ్డగడియ సంగతి కాస్త తవ్వుదామని కూర్చుంటే వారాంతం రెండు రోజులూ అందులోనే గడిచిపోయాయి. తాళాల చరిత్ర గురించి బోలెడంత రాశారు. పాపం ఈ కర్రముక్క గురించి మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకున్నట్టు లేదు. నేను చరిత్రకారుణ్ణి కాను, పగలంతా వేరేవాళ్ళు రాసిన కోడ్‌లో బగ్గులు ఏరుకునేవాణ్ణి. ఆ దృష్టితోనే చదవండి.

అసలు మన భాషలోనే ఈ గడియ ఎక్కడ దాక్కుందో చూడండి. ఎవరైనా తడుముకోకుండా మాట్లాడితే 'అనర్గళంగా మాట్లాడాడు' అంటాం. అర్గళం అంటే సంస్కృతంలో తలుపు అడ్డగడియ. గడియ లేని తలుపులాగా మాటలు బయటికి వచ్చేస్తున్నాయన్న మాట. (ఇన్నేళ్ళుగా ఆ మాట వాడుతూ అందులో ఒక దుంగ ఉందని గమనించనందుకు నాకైతే సిగ్గేసింది.) ఇనపగడియకి ఇంకో పేరు పరిఘ. ఇది తలుపుకీ పనికొస్తుంది, తలకాయలు పగలగొట్టడానికీ పనికొస్తుంది. సుందరకాండలో అశోకవనం దగ్గర తనమీదకి వచ్చిన కింకరుల్ని హనుమంతుడు చావగొట్టింది తోరణం దగ్గరున్న పరిఘతోనే. కాళిదాసు శాకుంతలంలో దుష్యంతుడి చేతుల్ని నగరద్వారపు పరిఘతో పోలుస్తాడు, రఘువంశంలో రఘుమహారాజు ఛాతీని తలుపుతో పోలుస్తాడు. ఇప్పటి ప్రేయసితో 'నీ భుజాలు మా అపార్టుమెంటు గేటు రాడ్డులా ఉన్నాయి' అనిపించుకుంటే ఎలా ఉంటుందో తెలీదుగానీ, ఆ కాలంలో బలానికి కొలమానం అదే మరి :)

గ్రీకులదీ ఇదే వరస. ఇలియడ్ చివరి భాగంలో అకిలీస్ శిబిరం తలుపుకి ఒకే ఒక్క దేవదారు దూలం అడ్డగడియ. అది వెయ్యాలంటే ముగ్గురు మనుషులు కావాలి, తియ్యాలంటే ముగ్గురు కావాలి. అకిలీస్ ఒక్కడే వేసి తియ్యగలడు. కొడుకు శవాన్ని అడగడానికి ముసలి రాజు ప్రయామ్ వచ్చినప్పుడు, హెర్మిస్ దేవుడు స్వయంగా వచ్చి ఆ గడియ తీసిపెడతాడు. బైబిల్లో సంసోను గాజా పట్టణం గుమ్మం దగ్గర గడియ తీసే శ్రమ పెట్టుకోలేదు. తలుపులు, ద్వారబంధాలు, గడియ అన్నీ కలిపి పెళ్ళగించి భుజాన వేసుకుని కొండెక్కేశాడు. కింది ఫ్లాటు కథ చూశారుగా, ఇప్పటి దొంగలు చేసేదీ చిన్న స్థాయిలో అదే. గడియ ఎంత గట్టిదైనా, దాన్ని పట్టుకున్నది ఎంత గట్టిదన్నదే లెక్క.

ఇక్కడ కొంచెం ఇంజినీరింగు.

మా నాయనమ్మది తెనాలి పక్కన పల్లెటూళ్ళో పెంకుటిల్లు. వీధి గుమ్మానికి రెండు రెక్కల తలుపు. గుమ్మం పక్కన గోడలో తలుపు వెడల్పంత లోతున నలుచదరపు రంధ్రం ఉండేది. పగలంతా కర్ర దుంగ మొత్తం అందులో దాక్కుని ఉంటుంది, కొస మాత్రం బయటికి కనిపిస్తుంది. రాత్రి దాన్ని సర్రున లాగి తలుపులకడ్డంగా తీసుకెళ్ళి రెండో పక్క గోడలో ఉన్న జానెడు గుంటలోకి దోపేవాళ్ళం. పిల్లలం ఆ పనికోసం కొట్టుకునేవాళ్ళం. చాలా పాతకోటల గుమ్మాల దగ్గర రాతిలో కనిపించే నలుచదరపు రంధ్రాలు ఇవే, సైజు తేడా అంతే. యూరప్ కోటల్లోనూ అచ్చం ఇదే ఏర్పాటు. ఇందులో గొప్ప ఏంటంటే ఒక్క మేకు లేదు, ఒక్క స్క్రూ లేదు. బయటినుంచి ఎవడైనా తోస్తే ఆ బలం తలుపునుంచి దుంగకి, దుంగనుంచి మూరెడు మందం గోడకి పోతుంది. తలుపు పడాలంటే గోడ పడాలి.

అందుకే మన దొంగలు గోడనే పట్టుకున్నారు!

'కన్నం వెయ్యడం' అన్న మాట తెలుగులో ఎందుకు పుట్టిందో ఇప్పుడు అర్థమవుతుంది. కన్నపు దొంగ తలుపు జోలికే పోడు. మృచ్ఛకటికం మూడో అంకంలో శర్విలకుడు చారుదత్తుడి ఇంటికి కన్నం వేసే సీను ఉంది. చదవనివాళ్ళు వెంటనే చదవండి. కాల్చిన ఇటుకలైతే లాగాలి, పచ్చి ఇటుకలైతే కొయ్యాలి, మట్టిగోడైతే తడపాలి, చెక్కైతే చీల్చాలి అని వాడికో పద్ధతుంది. కన్నం ఏ ఆకారంలో వెయ్యాలో శాస్త్రం ఉంది. కొలతాడు మర్చిపోయొస్తే మెడలో జంధ్యం తీసి దాంతో కొలుస్తాడు. లోపలికి వచ్చాక వాడు చూసుకునే మొదటి పనుల్లో ఒకటి, పారిపోవడానికి వీలుగా లోపల్నుంచి తలుపు తెరిచిపెట్టుకోవడం. పాత తలుపు కిర్రుమంటుందని నీళ్ళు కూడా చల్లుతాడు. అంటే ఆ అడ్డగడియ ఎవడికోసం వేశారో వాడే దాన్ని తీరిగ్గా తీస్తున్నాడు. మన పరిభాషలో చెప్పాలంటే ఫైర్‌వాల్ బ్రహ్మాండంగా ఉంది, కానీ వాడు ముందు లోపలికొచ్చి తర్వాత పోర్టు తెరిచాడు. ఎవరు రాశారోగానీ ఆ శూద్రకుడికి సెక్యూరిటీ ఆడిట్ చేసే బుర్ర ఉంది.

1860 నాటి భారత శిక్షాస్మృతి 445వ సెక్షన్‌లో 'హౌస్ బ్రేకింగ్' అంటే ఏంటో ఆరు రకాలుగా చెప్పి ఉదాహరణలిచ్చారు. మొట్టమొదటి ఉదాహరణ ఏంటో తెలుసా? గోడకి కన్నం వేసి అందులోంచి చెయ్యి పెట్టడం. ఇంగ్లీషువాళ్ళు రాసిన చట్టంలో ఇండియా దొంగ మొదటి వరసలో కూర్చున్నాడు. 2024 జూలై 1న భారతీయ న్యాయ సంహిత వచ్చేదాకా ఆ సెక్షన్ నడిచింది.

గోడలు సిమెంటువి అయ్యాక కథ తిరగబడింది. గోడ గట్టిదైంది, పలచబడింది. దుంగ దాచుకునేంత చోటు గోడలో లేదు. దాంతో బరువంతా తాళం మీద పడింది. తాళాలవాళ్ళు వాళ్ళలో వాళ్ళు పెద్ద పోటీలే పడ్డారు. లండన్‌లో బ్రామా కంపెనీ తమ తాళం తీసినవాడికి 200 గినీలు ఇస్తామని కొట్టు అద్దంలో బోర్డు పెట్టి దశాబ్దాలపాటు మీసం మెలేసింది. 1851 మహాప్రదర్శన సమయంలో హాబ్స్ అనే అమెరికన్ వచ్చి, ముందు ఛబ్ తాళాన్ని 25 నిమిషాల్లో తీసి, తర్వాత బ్రామా తాళాన్ని 16 రోజుల్లో మొత్తం 51 గంటలు కష్టపడి తీసిపారేశాడు. తర్వాత పదేళ్ళకి యేల్ పిన్ టంబ్లర్ తాళం వచ్చింది. మనదగ్గర 1897లో అర్దేషిర్ గోద్రెజ్ బొంబాయిలో తాళాలు చెయ్యడం మొదలుపెట్టారు. ఇదంతా ఎక్కడైనా దొరికే చరిత్రే కాబట్టి ఎక్కువ లాగను. నా గోల ఒక్కటే: ఇంత తెలివి తాళంచెవి రంధ్రం మీద ఖర్చు పెడితే, మామూలు ఇంటి దొంగ రంధ్రం వైపే చూడడు. కాలితో ఒక్క తన్ను తంతాడు.

అమెరికా ఇళ్ళ తలుపులు ఎప్పుడైనా విప్పి చూశారా? నేను ఇల్లు కొన్న కొత్తలో విప్పాను. డెడ్‌బోల్ట్ చూడటానికి దిట్టంగా ఉంటుంది. అది వెళ్ళి కూర్చునే రేకుని చట్రానికి పట్టించింది మాత్రం ముప్పావు అంగుళం స్క్రూలు. ఆ చట్రం మెత్తటి పైన్ చెక్క. తన్నితే విరిగేది తాళం కాదు, ఆ చెక్క. మూడంగుళాల స్క్రూలు వేస్తే అవి చట్రం దాటి గోడలోపలి దుంగని పట్టుకుంటాయి. అయిదు డాలర్ల పని. ఇది చదివిన అమెరికా మిత్రులు ఇవాళ సాయంత్రం ఆ పని చెయ్యండి, మిగతాది తర్వాత చదవొచ్చు.

ఎందుకంటున్నానంటే, మనవాళ్ళ ఇళ్ళలో బంగారం ఉంటుందని దొంగలకి తెలుసు. 2011కీ 2014కీ మధ్య జార్జియా, న్యూయార్క్, న్యూజెర్సీ, మిషిగన్, టెక్సస్‌లలో ఒక ముఠా ఏరికోరి ఆసియా, దక్షిణాసియా కుటుంబాల ఇళ్ళమీదే పడింది. మనుషులు ఇంట్లో ఉండగానే జొరబడి, తుపాకులు చూపించి, కట్టేసి నగలు పట్టుకుపోయారు. ఆ ముఠాని నడిపిన మనిషికి 2019లో డెట్రాయిట్ ఫెడరల్ కోర్టు 37 ఏళ్ళ జైలుశిక్ష వేసింది. ఆ వార్తలు వస్తున్న రోజుల్లో మా ఆవిడ నగలన్నీ బ్యాంకు లాకర్లోకి వెళ్ళాయి, ఇంక పండగలకి గిల్టు నగలే.

సరే, రాడ్డు సంగతికొస్తాను. ఇది అడ్డగడియకి తమ్ముడు. గోడలో చోటు లేనప్పుడు ఆ బలాన్ని ఎక్కడికి పంపాలి? నేలకి. దీన్ని నేను మొదటిసారి చూసింది న్యూయార్క్‌లో, ఒక స్నేహితుడు అద్దెకుంటున్న పాత అపార్టుమెంటులో. తలుపు వెనక నేలమీద ఒక ఇనప గుంట, అందులోంచి ఏటవాలుగా లేచి తలుపు మధ్యలో తాళానికి ఆనిన ఉక్కు కడ్డీ. నేను అదేదో నీళ్ళ పైపు అనుకున్నాను. వాడు నవ్వి 'పోలీస్ లాక్' అన్నాడు. ఎమిల్ ఫాక్స్ పేరుమీద నడిచిన ఫాక్స్ పోలీస్ లాక్ కంపెనీ చేసిన సరుకది, ఇరవయ్యో శతాబ్దం మొదటి సగం నాటి ఆలోచన. బయటినుంచి తాళంచెవి తిప్పితే కడ్డీ పట్టు పక్కకి జరుగుతుంది, తలుపు తెరుచుకుంటుంటే కడ్డీ జారుకుంటూ దారిస్తుంది. తిప్పకపోతే తలుపు తన్నడమూ నేలని తన్నడమూ ఒకటే. అంటే ఇల్లు వదిలి వెళ్ళేటప్పుడు కూడా వేసుకోగలిగిన అడ్డగడియ. మా నాయనమ్మ దుంగకి లేని సుగుణం ఇదే, అది లోపల మనిషి ఉంటేనే పనిచేస్తుంది.

1970ల్లో, 80ల్లో న్యూయార్క్ ఎలా ఉండేదో పాత సినిమాల్లో చూసే ఉంటారు. 1980 ప్రాంతంలో ఆ ఒక్క ఊళ్ళోనే ఏడాదికి రెండు లక్షలకి పైగా ఇళ్ళ, కొట్ల దొంగతనాలు. 1990లో 2,200 పైచిలుకు హత్యలు. ఒకే తలుపుకి మూడు తాళాలు, ఒక పోలీస్ లాక్ ఉండటం అక్కడ మామూలు. తర్వాత నేరాలు తగ్గుతూ వచ్చి, దొంగతనాల లెక్క పదోవంతు కంటే కిందికి పడిపోయింది. ఆ కడ్డీలు కూడా ఒక్కొక్కటే మాయమయ్యాయి. మా స్నేహితుడు అందులో తడి గొడుగులు తగిలించుకునేవాడు.

ఇప్పుడు దుకాణాల్లో దొరికేది దీని చవక రూపం. నేలలో గుంట ఉండదు. కింద రబ్బరు కాలు, పైన హ్యాండిల్ కింద ఇమిడే కొమ్ముల ఆకారం. సినిమాల్లో తలుపు హ్యాండిల్ కింద కుర్చీ ఆనిస్తారే, అదే సూత్రం. ఇది జారుతుందా జారదా అన్నది కాగితం మీద వేసి చూశాను, ఇంటర్మీడియట్ ఫిజిక్సే. రాడ్డు నేలతో చేసే కోణం తీటా అనుకోండి. తన్ను బలం ఎంతైతే రాడ్డు కాలు అంతే బలంతో పక్కకి జారబోతుంది. అదే సమయంలో ఆ బలానికి టాన్ తీటా రెట్లు నేలని కిందికి నొక్కుతుంది. ఘర్షణ గుణకం కాట్ తీటా కంటే ఎక్కువుంటే జారదు. సమీకరణంలో తన్ను బలం రెండు పక్కలా కొట్టుకుపోయింది చూశారా! అంటే ఒకసారి జారకుండా నిలబడిందంటే, పిల్లాడు తన్నినా పహిల్వాన్ తన్నినా జారదు, తన్నేకొద్దీ బిగుసుకుంటుంది. 60 డిగ్రీల కోణానికి 0.58 గుణకం చాలు, 45 డిగ్రీలకైతే ఒకటి కావాలి. మరీ నిలువుగా పెడదామంటే హ్యాండిల్‌ని పైకి పెళ్ళగించే బలం పెరుగుతుంది. గరుకు సిమెంటు నేలమీద రబ్బరుకి ఇది సులువే. నున్నటి విట్రిఫైడ్ టైల్ మీద, అందులోనూ తడిగుడ్డ పెట్టిన టైల్ మీద, కష్టం. మా అమ్మ ఇంట్లో ఉన్నవి అవే టైల్స్. రోజుకి రెండుసార్లు తడిగుడ్డ. బయటికి తెరుచుకునే తలుపుకి ఈ రాడ్డు అసలు పనికిరాదని వేరే చెప్పనక్కర్లేదుగా.

అన్నట్టు ఎంత పెద్ద గడియైనా లోపలివాడు తీస్తే చేసేదేం లేదు. 1687లో ఔరంగజేబు ఎనిమిది నెలలు గోల్కొండ చుట్టూ కూర్చున్నాడు. ఫిరంగులు, మందుపాతర్లు, నిచ్చెనలు, ఏదీ పారలేదు. ఏనుగులు గుద్దకుండా తలుపులకి ఇనప ముళ్ళు, గుమ్మం దగ్గర చప్పట్లు కొడితే పైన బాలా హిస్సార్‌లో వినపడే ఏర్పాటు (మొదటి అలారం సిస్టమ్ మనదేనండోయ్). చివరికి అబ్దుల్లా ఖాన్ పనీ అనే సర్దారు లంచం తిని ఒక రాత్రి దిడ్డి తలుపు గడియ తీశాడు. అబ్దుర్ రజాక్ లారీ ఒళ్ళంతా గాయాలతో పడిపోయేదాకా కొట్లాడాడు, తానీషా పట్టుబడ్డాడు, కుతుబ్‌షాహీ వంశం ఆ రాత్రితో ముగిసింది. మొన్నీమధ్య ఆఫీసులో 'ఇన్‌సైడర్ థ్రెట్' ట్రైనింగులో ఉదాహరణ చెప్పమంటే ఇదే చెప్పాను. ట్రైనరుకి ఏమర్థమైందో తెలీదు.

నేను భయపడేది మాత్రం అబ్దుల్లా ఖాన్ గురించి కాదు. గడియ తియ్యాల్సిన లోపలి మనిషి తియ్యలేకపోతే ఏంటన్నదే నా భయం.

1993 డిసెంబరు, నేను తొమ్మిదో తరగతి. తాతయ్య పోయాక నాయనమ్మ ఆ ఇంట్లో ఒక్కతే ఉండేది. ఒక రాత్రి మంచినీళ్ళకి లేచి వంటింటి గడప దగ్గర కాలుజారి పడింది. తుంటి ఎముక విరిగింది. అరిచింది, కానీ చలికాలం రాత్రి, అందరూ తలుపులేసుకుని పడుకున్నారు. తెల్లారాక వాకిట్లో కళ్ళాపి లేకపోవడం చూసి పక్కింటివాళ్ళు వచ్చి పిలిచారు. లోపల్నుంచి మూలుగు వినపడింది. ఇద్దరు మగవాళ్ళు భుజాలతో గుద్దారు, తర్వాత నలుగురు గుద్దారు. దుంగ ఇంచు కూడా కదల్లేదు. పెరటి తలుపుకీ అలాంటిదే. చివరికి నిచ్చెన వేసి ఇంటికప్పు ఎక్కి, పెంకులు తీసి, వాసాల మధ్యనుంచి ఒక సన్నటి కుర్రాణ్ణి తాడుతో దింపారు. వాడెళ్ళి గడియ తీశాడు. ఆమె నేలమీద పడి అప్పటికి ఏడు గంటలైంది. కన్నపు దొంగ పద్ధతే, కాకపోతే గోడ బదులు కప్పు.

ఆస్పత్రినుంచి వచ్చాక నాన్న రంపం తెచ్చి దుంగ కోసేస్తానన్నాడు. నాయనమ్మ మంచంమీంచే గొడవపెట్టుకుంది. "అది తీసేస్తే నేనింక ఆ ఇంట్లో పడుకోను, మీ ఇంట్లోనూ పడుకోను, ఎక్కడ పడుకోమంటావో చెప్పు" అంది. దుంగ అలాగే ఉండిపోయింది. ఆమె ఇంకో నాలుగేళ్ళు చేతికర్రతో ఆ ఇంట్లోనే ఉంది, రోజూ రాత్రి దాన్ని లాగి దోపింది.

అందుకని రాడ్డు అడగ్గానే నేను అమ్మకి ఇదంతా గుర్తుచేశాను. వద్దమ్మా, బయటినుంచి తాళంచెవితో తీసుకునే మంచి లాక్ వేయిద్దాం, రెండో తాళంచెవి ఎదురింటి ఆంటీ దగ్గర ఉంచుదాం అన్నాను. స్క్రూలు మార్పిద్దాం, పట్టీ పొడుగుది వేయిద్దాం అన్నాను. ఫ్రిక్షన్ లెక్క కూడా చెప్పాను. ఆవిడ అన్నీ విని "సరేలే, రాడ్డు మాత్రం పంపు" అంది. పంపాను. ఇక్కణ్ణుంచి వెళ్తున్న ఒకాయన సూట్‌కేసులో పెట్టి.

లాక్ వేయించింది. తాళంచెవి ఆంటీకిచ్చింది. నేను గెలిచాననుకున్నాను. నిన్న వీడియో కాల్లో ఆవిడ వంకాయలు తరుగుతుంటే వెనకాల వీధి తలుపు కనిపించింది. రాడ్డు ఆనించి ఉంది. కొంచెం దగ్గరగా చూపించమన్నాను. మేస్త్రీని పిలిపించి టైల్ కోయించి నేలలో చిన్న గుంట కొట్టించింది, అంచుకి ఇనపరేకు కూడా వేయించింది. రాడ్డు కాలు అందులో చక్కగా కూర్చుంది. ఎమిల్ ఫాక్స్ గురించి ఆవిడకి నేనెప్పుడూ చెప్పలేదు.

"అమ్మా, అపార్టుమెంటుకి పెంకులుండవు, గుర్తుందా?" అన్నాను.

"ఉండవులే. రోజూ పొద్దున ఫోన్ చేస్తున్నావుగా, ఎత్తకపోతే తలుపు బద్దలుకొట్టించు. కొత్త తలుపు కొనివ్వలేవా ఏంటి?" అని వంకాయలు నీళ్ళలో వేసింది.

పొద్దున ఏడున్నరకి అలారం పెట్టుకున్నాను, వాళ్ళ టైము ప్రకారం.